ఓపీ నడిపే చేతులకు ఓపీ నిర్వహణలో చోటెంత? పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఆసుపత్రి ఓపీల్లో రద్దీ గురించి, నిరీక్షణ గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని ఈసారి తీసుకున్నాను. రాసినవారిలో ఒకరు సూపరింటెండెంటు, ఒకరు స్టాఫ్ నర్సు, ఒకరు రిజిస్ట్రేషన్ కౌంటర్ ఉద్యోగి, ఒకరు డాక్టరు. నలుగురి ఇబ్బందీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంది కాబట్టి నాలుగు సమాధానాలనూ కలిపి చదవమని మనవి. ఉత్తరాలను కుదించాను, పేర్లు, ఊళ్లు తొలగించాను.

ప్రశ్న: నేను ఒక ఆసుపత్రికి సూపరింటెండెంటును. ఓపీలో గంటల తరబడి వేచి ఉండాల్సి వస్తోందన్న ఫిర్యాదులు పెరగడంతో సిబ్బంది అందరితో సమావేశం ఏర్పాటు చేశాను. సలహాల పెట్టె కూడా పెట్టించాను. సమావేశంలో ఇద్దరు సీనియర్ డాక్టర్లు తప్ప ఎవరూ నోరు విప్పలేదు. మూడు నెలల్లో పెట్టెలో ఏడు చీటీలు పడ్డాయి. వాటిలో నాలుగు ఫ్యాన్ల గురించి. సిబ్బందికి ఆసక్తి లేదని అనుకోవాలా?

జవాబు: ఆసక్తి లేదని అప్పుడే తీర్మానించకండి. ఫ్యాన్ల గురించి వచ్చిన ఆ నాలుగు చీటీల మీద ఏం చర్య తీసుకున్నారో మీరు రాయలేదు. రోజంతా కిక్కిరిసిన గదిలో నిలబడి పనిచేసేవారికి గాలి ఆడకపోవడం పెద్ద కష్టమే. పైగా ఆ చీటీ రాసినవారు తమ మాటకు ఇక్కడ విలువ ఉందో లేదో దానితోనే తేల్చుకుంటారు. ఫ్యాను బాగుచేయిస్తే రెండో చీటీ వస్తుంది. చేయించకపోతే, రోగుల వరుసను ఎక్కడ సరిచేయాలో స్పష్టంగా తెలిసిన మనిషి కూడా ఇక ఆ పెట్టె వైపు చూడరు. అందుచేత మీ మొదటి పని ఆ ఏడు చీటీలకూ ఏడు జవాబులు రాసి, నోటీసు బోర్డు మీద అతికించడం. చేయలేనిది ఉంటే ఎందుకు చేయలేమో కూడా అందులోనే రాయండి.

సమావేశంలో మౌనానికి కారణం వేరు. ఉదాహరణకు, 9 గంటలకు మొదలు కావలసిన ఓపీ, వార్డు రౌండ్ల వల్ల 9:40కి మొదలవుతోందనుకుందాం. అది అక్కడి ప్రతి నర్సుకూ తెలిసే ఉంటుంది. ఆ రౌండ్లు చేసే డాక్టరుగారు ఎదురు కుర్చీలో కూర్చుని ఉండగా ఆ మాట పైకి అనగలిగిన నర్సులు ఎందరుంటారో మీరే ఆలోచించండి. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఆసుపత్రి విభాగాల్లో మందుల విషయంలో జరిగే పొరపాట్లను పరిశీలించి 1996లో ఒక వ్యాసం ప్రచురించారు. కలిసికట్టుగా పనిచేసే జట్లలో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె మొదట అనుకున్నారు. లెక్కలు చూస్తే నమోదైన పొరపాట్లు అలాంటి జట్లలోనే ఎక్కువగా తేలాయి. ఆ జట్లలో పొరపాటు జరిగిందని చెప్పడానికి ఎవరూ భయపడకపోవడమే దానికి కారణమని తర్వాత అర్థమైంది. తక్కిన చోట్ల పొరపాట్లు జరుగుతూనే ఉన్నా బయటికి రావడం లేదు. మీ సలహాల పెట్టె దాదాపు ఖాళీగా ఉండటాన్ని కూడా ఈ దృష్టితోనే చూడమని నా సూచన.

మరి సిబ్బందికి తెలిసినది మీకు తెలిసే దారి ఏమిటి? వారిని మీ గదికి పిలిపించకుండా మీరే వారి దగ్గరికి వెళ్లి కూర్చోండి. నేను ఒకసారి ఒక ఆసుపత్రి ఓపీలో ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఒక స్టాఫ్ నర్సు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆమె బల్ల మీద ఓపీ చీటీల కట్ట, ఒక రిజిస్టరు, దారంతో కట్టిన పెన్ను ఉన్నాయి. బీపీ మిషను మాత్రం లేదు. రెండు గదులకు కలిపి ఒకటే ఉండటంతో అది ఎప్పుడూ పక్క గదిలోనే ఉండేది. రోగి వచ్చి కూర్చోగానే ఆమె లేచి వెళ్లడం, అక్కడి నర్సు చూస్తున్న రోగి అయ్యేదాకా నిలబడటం, మిషను చంకన పెట్టుకుని తిరిగి రావడం, ఈలోగా తలుపు దగ్గర పదిమంది గుమికూడి ‘మా నంబరు అయిపోయిందా’ అని కంగారు పడటం, ఇదే వరస. ఆమె లేని సమయంలో తోసుకుని లోపలికి వెళ్లినవారిని డాక్టరు బీపీ రాయించుకు రమ్మని వెనక్కి పంపుతున్నారు. అంటే ఒకే రోగి ఆ వరుసలో రెండుసార్లు నిలబడుతున్నారన్నమాట. ఈ సంగతి పైవారికి చెప్పారా అని అడిగితే, ‘ఇండెంట్ పెట్టామండీ, ఇంకా రాలేదు’ అని ఆమె మామూలుగానే అన్నారు. ఆ ఇండెంట్, అంటే సామాను కావాలని కోరే పత్రం, పెట్టి అప్పటికి ఏడాది దాటింది. ఆ ఆసుపత్రి అధికారులు ఈలోగా రద్దీ తగ్గించడానికి కొత్త గదులు కట్టాలని ఆలోచిస్తున్నారు.

అలాంటి చిన్న అడ్డంకి ఎంత నష్టం చేస్తుందో లెక్క వేసి చూడవచ్చు. జాన్ లిటిల్ అనే పరిశోధకుడు 1961లో నిరూపించిన ఒక సూత్రం క్యూలన్నిటికీ వర్తిస్తుంది: ఒక చోట సగటున ఎంతమంది ఉంటారన్నది, గంటకు ఎంతమంది వస్తారన్న సంఖ్యను ఒక్కొక్కరు ఎన్ని గంటలు ఉంటారన్న సంఖ్యతో గుణిస్తే వస్తుంది. మీ ఓపీకి గంటకు 60 మంది వస్తూ, ఒక్కొక్కరు సగటున 2 గంటలు ఉంటున్నారనుకుందాం. ఏ క్షణంలో చూసినా లోపల సుమారు 120 మంది రోగులు ఉంటారు. ఒక్కొక్కరి వెంట ఒక మనిషి వస్తే 240 మంది. వచ్చేవారి సంఖ్య అంతే ఉన్నా, అనవసరమైన తిరుగుళ్లు తగ్గి ఒక్కొక్కరు ఉండే సమయం గంటన్నరకు దిగితే రోగులు 90 మందే ఉంటారు, వెంట వచ్చినవారితో కలిపి 180. ఒక్క గది కట్టకుండా, ఒక్క కుర్చీ కొనకుండా 60 మందికి చోటు దొరికినట్టే. ఆ అరగంట ఎక్కడెక్కడ పోతోందో చెప్పగలిగినవారు బీపీ మిషను కోసం తిరిగే నర్సు, పాత కేస్ షీటు కోసం అల్మరా వెతికే రికార్డు గుమాస్తా, సంతకం లేని చీటీని వెనక్కి పంపే ల్యాబ్ టెక్నీషియను.

ఇక ఏర్పాటు విషయానికి వస్తే, అందరినీ పిలిచే పెద్ద సమావేశం మానేసి ఆరేడుగురితో ఒక చిన్న బృందం వేయండి. స్టాఫ్ నర్సు, రిజిస్ట్రేషన్ ఉద్యోగి, ల్యాబ్ టెక్నీషియను, ఫార్మసిస్టు, తలుపు దగ్గర ఉండే అటెండరు లేదా సెక్యూరిటీ మనిషి, ఒక జూనియర్ డాక్టరు అందులో ఉండాలి. సీనియర్లు వద్దని నా ఉద్దేశం కాదు. మొదటి కొన్ని వారాలు మాత్రం వారు లేకుండా జరగనివ్వండి. వారానికి ఒకసారి, అరగంట చాలు, అదీ డ్యూటీ సమయంలోనే జరగాలి. డ్యూటీ దిగాక రమ్మంటే మొదటి వారం వచ్చినవారు మూడో వారం రారు, అందులో వారి తప్పేమీ లేదు.

ఆ బృందానికి కొన్ని విషయాల్లో ఫైలు నడపకుండా తామే నిర్ణయం తీసుకునే అధికారం ఇవ్వడం అన్నిటికంటే అవసరమని నేను గట్టిగా నమ్ముతాను. కుర్చీలు ఎటు తిప్పాలి, టోకెన్ ఎక్కడ ఇవ్వాలి, బీపీ, బరువు ఏ చోట చూడాలి, బోర్డుల మీద ఏం రాయాలి, ఏ వేళకు ఎవరు ఏ కౌంటరులో కూర్చోవాలి వంటివి వారికి వదిలేయవచ్చు. అమెరికాలోని సియాటిల్ నగరంలో ఉన్న వర్జీనియా మేసన్ వైద్య కేంద్రం 2002లో టయోటా కార్ల కర్మాగారాల పని పద్ధతిని ఆసుపత్రికి తెచ్చుకుంది. ఆ కర్మాగారాల్లో లోపం కనిపిస్తే మామూలు కార్మికుడు కూడా తాడు లాగి సాయం పిలవవచ్చు. సమస్య తేలకపోతే పని మొత్తం ఆగుతుంది. ఆ ఆసుపత్రిలో కూడా రోగికి హాని జరిగే పరిస్థితి కనిపిస్తే ఏ స్థాయి ఉద్యోగి అయినా హెచ్చరిక ఇవ్వవచ్చు, పైవారు దానికి స్పందించి తీరాలి. మీరు అంత దూరం వెళ్లకపోయినా, బృందం అడిగినదానికి వారం లోపల అవుననో కాదనో రాతపూర్వకంగా చెప్పే నియమం మీకు మీరే పెట్టుకోండి.

ఏ మార్పునైనా ముందు ఒక్క గదిలో, ఒక్క డాక్టరు దగ్గర, ఒక్క వారం చేసి చూడండి. మార్పుకు ముందు ఒక రోజు, తర్వాత ఒక రోజు, ముప్పై ఓపీ చీటీల మీద మూడు సమయాలు రాయిస్తే సరిపోతుంది: రోగి వచ్చిన సమయం, డాక్టరు గదిలోకి వెళ్లిన సమయం, మందులు తీసుకుని బయటికి వెళ్లిన సమయం. అవి రాసే పని కూడా బృందమే చేసి, ఫలితం తామే తోటివారికి చెప్పాలి. ఆశించిన మేలు జరగకపోతే పాత పద్ధతికి వెళ్లిపోవచ్చని ముందే చెప్పి ఉంచితే ప్రయత్నించడానికి ఎవరూ జంకరు.

ప్రశ్న: ఓపీలో పదకొండేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. సిబ్బంది భాగస్వామ్యం అని మొదలుపెట్టినప్పటి నుంచి మాకు రెండు రిజిస్టర్లు, ఒక వాట్సాప్ గ్రూపు, నెలకో నివేదిక పెరిగాయి. ఇద్దరు చేయవలసిన పని ఒక్కరం చేస్తున్నాం. ఇది మా మాట వినడమా, మా మీద ఇంకొంత బరువు వేయడమా?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి అది బరువు వేయడమే. సమయం కేటాయించకుండా, ఉన్న పనిలో ఏదీ తగ్గించకుండా అడిగే భాగస్వామ్యం అదనపు డ్యూటీ అవుతుంది. కొత్త రిజిస్టరు పెడితే పాతది ఒకటి ఎత్తేయాలన్న షరతు మీ బృందం మొదటి సమావేశంలోనే పెట్టవచ్చు. ఆ రెండు రిజిస్టర్లలో రాసినదాన్ని గత ఆరు నెలల్లో ఎవరైనా తెరిచి చూశారా అని మర్యాదగా అడగండి. ఎవరూ చూడకపోతే దాన్ని ఆపడానికి అంతకంటే కారణం అక్కరలేదు.

సిబ్బంది కొరత సంగతి వేరు, దాన్ని సలహాలతో తీర్చలేమని నిర్వాహకులు ఒప్పుకోవాలి. ఎవరెంత శ్రద్ధగా పనిచేసినా మారని క్యూ తీరు ఒకటి ఉంది. ఒకే మనిషి, ఒకే వరుస ఉన్న సరళమైన గణిత నమూనాలో, ఆ మనిషి సమయంలో 80 శాతం పనితో నిండి ఉంటే, పని జరుగుతున్నవారితో కలిపి సగటున 4 మంది అక్కడ ఉంటారు. 90 శాతానికి చేరితే 9 మంది, 95 శాతానికి చేరితే 19 మంది. చివరి ఐదు శాతం పని పెరగడంతోనే వరుస రెట్టింపు దాటిపోయింది. నర్సు ఒక నిమిషం ఖాళీగా కనిపిస్తే ఇంకో పని అప్పగించే అలవాటున్న అధికారులకు ఈ లెక్క చూపించమని కోరుతున్నాను. ఆ నిమిషం ఉండబట్టే వరుస కదులుతోంది.

కొరతను మాటల్లో చెబితే ‘అన్ని చోట్లా ఇంతే’ అన్న జవాబు వస్తుంది. అంకెల్లో చెప్పండి. పనిభారాన్ని కొలిచి ఎంతమంది కావాలో లెక్కగట్టే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో ఒక కరదీపికగా ఇచ్చింది, 2010లో దాన్ని సవరించింది. దాని మూలం సులువే. ఒక్కో పనికి ఎంత సమయం పడుతుందో, ఆ పని ఏడాదికి ఎన్నిసార్లు చేయాలో, సెలవులు, శిక్షణ తీసివేయగా ఒక ఉద్యోగికి ఏడాదిలో నిజంగా ఎన్ని పని గంటలు మిగులుతాయో చూసి, కావలసిన సంఖ్యను తేలుస్తారు. మీరు అంతా చేయలేకపోయినా ఒక పని చేయగలరు. ఒక్క వారం పాటు, నర్సింగుకు సంబంధం లేని పనులు ఎన్నిసార్లు చేశారో ఒక కాగితం మీద గీతలు గీయండి. రిపోర్టుల కోసం ల్యాబుకు వెళ్లడం, ట్రాలీ వెతకడం, జెరాక్సు తీయించడం, ఫోనులో వాకబులకు జవాబు చెప్పడం వంటివి. ఆ కాగితాన్ని హెడ్ నర్సుతో కలిసి మేట్రన్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇద్దరు నర్సులు కావాలన్న అర్జీ ఏళ్ల తరబడి పెండింగులో ఉండవచ్చు, కానీ ఆ కాగితం చూశాక ఒక అటెండరును ఓపీకి మార్చడం ఒక్క సంతకంతో అయ్యే పని.

ఇంకొక మాట. పదకొండేళ్లు ఒకే ఓపీలో ఉన్న మీకు ఏ రోజు ఏ వేళ జనం పోటెత్తుతారో కాగితం చూడకుండానే తెలుసు. ఆ తెలిసినదాన్ని ఉపయోగించుకోలేకపోవడం మీ ఆసుపత్రికి జరుగుతున్న నష్టం. మీరు అలసిపోయి మాట్లాడటం మానేస్తే ఆ నష్టం ఇంకా పెరుగుతుంది కాబట్టి, మీ ఉత్తరంలో ఉన్న కోపం న్యాయమైనదని ఒప్పుకుంటూనే, మానవద్దని అడుగుతున్నాను.

ప్రశ్న: రిజిస్ట్రేషన్ కౌంటరులో పనిచేస్తాను. మేము వైద్య సిబ్బంది కాము. ఓపీ గురించి నిర్ణయాలన్నీ డాక్టర్లు, నర్సులు తీసుకుంటారు. మాలాంటివారికి ఇందులో పాత్ర ఏముంటుంది?

జవాబు: చాలా ఉంటుంది. ఆసుపత్రిలో రోగి ముఖం మొదట చూసేది గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి, తర్వాత మీరు. జబ్బుపడిన పిల్లల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక శిక్షణ రూపొందించింది. వచ్చిన పిల్లలను వెంటనే చికిత్స అందవలసినవారు, వరుసలో ముందుకు పంపవలసినవారు, వరుసలో వేచి ఉండగలిగినవారు అని మూడు రకాలుగా విడదీయడం అందులో నేర్పుతారు. ప్రమాద లక్షణాలను గుర్తుపట్టడం గేటు కాపలాదారులకు, రికార్డు గుమాస్తాలకు, శుభ్రపరిచే సిబ్బందికి కూడా నేర్పాలని ఆ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. ఊపిరి అందక ఎగపోస్తున్న పాపను ఎత్తుకుని ఒక తల్లి మీ వరుసలో ఇరవయ్యో మనిషిగా నిలబడితే, ఆమెను ముందుగా చూడగలిగిన ఉద్యోగి మీరే. జబ్బేమిటో తేల్చవలసిన పని మీకు లేదు. ఈ లక్షణం కనిపిస్తే చీటీ సంగతి తర్వాత, ముందు ఫలానా గదికి తీసుకెళ్లాలి అన్న నాలుగైదు గుర్తులు, ఆ గది నంబరు, అలా పంపినందుకు మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరన్న హామీ ఉంటే చాలు. ఆ శిక్షణ మీకు కావాలని లిఖితపూర్వకంగా అడగండి.

రోజువారీ పనిలో ఇంకొకటి చేయవచ్చు. కౌంటరు దగ్గర జనం అడిగే ప్రశ్నలను రెండు రోజులు లెక్కపెట్టండి. ‘రక్త పరీక్ష ఎక్కడ’, ‘ఈ డాక్టరుగారు ఇవాళ ఉన్నారా’, ‘రిపోర్టు చూపించాలంటే మళ్లీ చీటీ తీసుకోవాలా’ అన్న మూడు నాలుగు ప్రశ్నలే పదేపదే వస్తాయని నా అనుభవం. వాటి జవాబులను పెద్ద అక్షరాలతో, కిటికీకి పది అడుగుల ముందే కనిపించేలా రాయిస్తే కిటికీ దగ్గర ఒక్కొక్కరికి పట్టే సమయం తగ్గుతుంది. చదవలేనివారి కోసం నేల మీద రంగు గీతలు కూడా గీయించమనండి. అన్నట్టు, జబ్బు పేరు గట్టిగా అడగవద్దని మీ తోటివారికి చెప్పండి. వెనక నిలబడినవారు వింటారని కొందరు అసలు విభాగం పేరు చెప్పక వేరే గదికి వెళ్లి, మళ్లీ మీ దగ్గరికే వస్తారు.

ప్రశ్న: నేను ఓపీ చూసే డాక్టరును. రోగులను ఏ వరుసలో పంపాలో, ఎంతమందికి టోకెన్లు ఇవ్వాలో నర్సులు, గుమాస్తాలు నిర్ణయించడం మొదలుపెడితే నా వైద్య స్వేచ్ఛ ఏమవుతుంది? ఏదైనా తేడా వస్తే బాధ్యత నాదే కదా?

జవాబు: వైద్యపరమైన నిర్ణయం మీదే, అందులో ఎవరూ వేలు పెట్టకూడదు. ఎవరికి ఎంత సమయం ఇవ్వాలి, ఎవరిని వెంటనే చూడాలి, ఎవరిని మళ్లీ రమ్మనాలి అన్నవి మీరు చెప్పవలసినవే. ఆ గది దాకా రోగి ఎలా చేరాలి, చేరేటప్పటికి చేతిలో ఏమేమి సిద్ధంగా ఉండాలి అన్నది మాత్రం సిబ్బందికి మీకంటే బాగా తెలుసు. మీరు తలుపుకు ఇవతల ఉంటారు, వారు అవతల ఉంటారు.

ఓపీల అపాయింట్‌మెంట్ల మీద తొలి గణిత పరిశోధన చేసినవారిలో ఒకరైన నార్మన్ బెయిలీ, తన సహచరుడు వెల్చ్‌తో కలిసి 1952లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. మొదట ఇద్దరు రోగులను ఒకేసారి పిలిచి, ఆ తర్వాత ఒక్కొక్కరిని సగటు పరీక్షా సమయమంత వ్యవధితో పిలిస్తే, డాక్టరు ఎక్కువసేపు ఖాళీగా కూర్చోవలసిన అవసరం రాకుండానే రోగుల నిరీక్షణ చాలా తగ్గుతుందని అందులో చూపించారు. డాక్టరు సమయానికి రావాలన్నది ఆ పద్ధతికి పునాది. గంటకు పన్నెండు మందిని చూసే డాక్టరు అరగంట ఆలస్యంగా కూర్చుంటే ఆరుగురు పోగుపడతారు. మధ్యలో ఖాళీ లేని ఓపీలో ఆ అరగంట చివరి రోగి దాకా అందరి మీదా పడుతుంది. ఆ ఆలస్యానికి కారణం వార్డులో అత్యవసరమైన పని అయి ఉండవచ్చు, మిమ్మల్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మీరు వచ్చే సమయం ముందుగా తెలిస్తే, టోకెన్ల సమయాలు దానికి తగ్గట్టు మార్చడం కౌంటరువారికి పెద్ద పని కాదు. ఆ మాట మీ దగ్గరికి వచ్చి అడిగే చనువు వారికి ఇచ్చారా అన్నది మీరు చూసుకోవలసిన విషయం.

బాధ్యత గురించిన మీ భయానికి ఒక మార్గం ఉంది. ఏ లక్షణాలున్నవారిని వరుసతో పనిలేకుండా లోపలికి పంపాలో, ఏ పరీక్షలు చేయించాకే రోగి మీ దగ్గరికి రావాలో మీరు, మీ ఓపీ నర్సు కలిసి కూర్చుని ఒక పేజీలో రాసి, తేదీ వేసి, ఇద్దరూ సంతకం చేయండి. మూడు నెలలకొకసారి దాన్ని తిరగ చూడండి. ఆ పేజీ రాయడానికి ముందు ఒక రోజు ఓపీ ముగిశాక నర్సును ఒకటే అడగండి: ‘ఈ రోజు నా గదిలోంచి వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చినవారు ఎంతమంది, ఎందుకు?’ ఆమె చెప్పే కారణాలు నాలుగో అయిదో ఉంటాయి. ఆ పేజీలో మొదట రాయవలసినవి అవే.